ఇద్దరూ సరేనన్నాక వకీలెందుకు?

గోపాల్‌పూర్ నుంచి బరంపురం పదిహేను కిలోమీటర్ల దూరం. ఊళ్ళో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలకు పెద్దాస్పత్రయినా, కాలేజీ అయినా, కోర్టయినా అక్కడికే పోవాలి. ఈ సంవాదంలో ఉన్నవారు ఇద్దరు. ఒకరు బరంపురంలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా జుట్టు నెరిసిన మేనమామ. రెండోవారు గోపాల్‌పూర్‌లోనే ఉంటూ పారాలీగల్ వాలంటీరుగా ఇల్లిల్లూ తిరిగే మేనకోడలు. వాదన కోసం పేరులేని ఒక జంటను ఊహించుకున్నారు. అతను గోవా బోట్ల మీద కలాసీ. ఆమె పుట్టింట్లో ఉండి చేపలమ్ముతుంది. అయిదేళ్ళ కూతురుంది. రెండేళ్ళుగా ఎవరి దారి వారిది. తిట్టుకోవడాలు అయిపోయాయి, విడిపోదామన్న మాట మీద ఇద్దరూ ఉన్నారు. మరి వాళ్ళకి వకీలు కావాలా, అక్కర్లేదా?

మావ: ఏటమ్మీ, మీ వీధి ఆడవాళ్ళని కూర్చోబెట్టి ‘ఇద్దరికీ ఇష్టమైతే విడాకులకి వకీలు అక్కర్లేదు’ అని చెప్తున్నావట. మా సారు చెవిన పడితే ముందు పోయేది నా ఉద్యోగమే.

మేనకోడలు: నీ ఉద్యోగానికేం కాదులే మావా. పొలం గట్ల తగాదాలున్నన్నాళ్ళు మీ సారుకి లోటు లేదు. నేను చెప్పింది చట్టంలో ఉన్న మాటే. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చూడు. ఈ కోర్టులో వకీలును పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు. జడ్జి ఒప్పుకుంటేనే వకీలు. జడ్జికే అవసరమనిపిస్తే న్యాయం తెలిసినవారిని తనకు సాయంగా పిలుచుకోవచ్చు. మిగతా కోర్టుల్లో వకీలు లేకుండా వెళ్తే వింతగా చూస్తారు. ఇక్కడ వకీలుతో వెళ్ళాలంటేనే అడిగి వెళ్ళాలి.

మావ: అడగడం, ఒప్పుకోవడం రెండూ అలవాటైపోయాయి. ఫ్యామిలీ కోర్టులో నల్లకోట్లు రోజూ చూస్తూనే ఉన్నాను. ఎందుకంటావు? అర్జీ రాసేది ఇంగ్లీషులో. వరండాలో వినబడేది ఒడియా. మనవాళ్ళకి వచ్చింది తెలుగు. వకీలు లేకపోతే దేని మీద సంతకం పెడుతున్నారో వాళ్ళకే తెలీదు.

మేనకోడలు: వకీలుంటే తెలుస్తుందా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. నువ్వు ‘ఇక్కడ పెట్టు’ అని వేలితో చూపించిన చోట సంతకం పెట్టి, అందులో ఏటుందో అడక్కుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది?

మావ: ఆ లెక్క అడక్కు.

మేనకోడలు: అడగను. అర్జీ మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. ‘ఇందులోని సంగతులు నాకు తెలుగులో చదివి చెప్పారు, అర్థమయ్యాయి’ అన్న వాక్యం అఫిడవిట్ చివర రాయించాలి. చదివి చెప్పినవాడి చేత కూడా కింద సంతకం పెట్టించాలి. దీనికి కావలసింది ఓపిక. ఫీజు కాదు.

మావ: సరే, మరి అర్జీలో ఏటి రాస్తావు?

మేనకోడలు: 1955 హిందూ వివాహ చట్టంలో 13-బి సెక్షన్ ఉంది. 1976లో చేర్చారు. అది అడిగేవి మూడే. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉంటున్నారా? కలిసి బతకలేకపోయారా? విడిపోదామని ఇద్దరూ అనుకున్నారా? తప్పెవరిదని అడగదు. తాగాడనో, కొట్టాడనో, వదిలేసి పోయిందనో రుజువు చెయ్యక్కర్లేదు. ఇద్దరూ కలిసి ఒకటే అర్జీ పెడతారు. పెళ్ళి తేదీ, పెళ్ళయిన ఊరు, చివరిసారి కలిసి కాపురమున్న చోటు, విడిపోయిన తేదీ, పిల్లల సంగతి, ఇచ్చిపుచ్చుకోవడాలు రాయాలి. ఆధార్లు, ఫొటోలు, పెళ్ళి జరిగిందన్న రుజువు జతచెయ్యాలి.

మావ: ఆ రుజువు దగ్గరే ఆగిపోతావు. మీ వీధిలో రిజిస్ట్రేషన్ చేయించుకున్న పెళ్ళిళ్ళు ఎన్నున్నాయి? 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అంతకుముందు పెళ్ళయిన జంటల్ని శుభలేఖ చూపించమంటే ఎక్కణ్ణుంచి తెస్తారు?

మేనకోడలు: రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదని అదే చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. శుభలేఖ లేకపోతే ఫొటో. అదీ లేకపోతే రేషన్ కార్డులో ఇద్దరి పేర్లు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌లో అమ్మానాన్నల పేర్లు, పెళ్ళికి వచ్చిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు. పెళ్ళయిందని ఇద్దరూ ఒప్పుకుంటున్నప్పుడు జడ్జికి నమ్మకం కుదిరే కాగితం ఉంటే చాలు.

మావ: ఇన్ని తిప్పలెందుకు? మీ తాతలు చేసినట్టు కులపెద్దల ముందు కూర్చోండి. ఒక పూటలో తేలిపోతుంది. వకీలూ లేడు, జడ్జీ లేడు. నీ లెక్కన అన్నిటికన్నా చవకైన దారి అదే గదా?

మేనకోడలు: నన్ను ఇరికిద్దామని అడుగుతున్నావు. అయినా ఆ దారిని తీసిపారెయ్యను. హిందువులకి చట్టంలో విడాకులు లేని రోజుల్లోనే మన కులాల్లో తెగతెంపులూ ఉన్నాయి, మారుమనువులూ ఉన్నాయి. మద్రాసు రాష్ట్రం 1949లోనే విడాకుల చట్టం చేసింది. గంజాం అప్పటికే మద్రాసుని వదిలేసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది గదా. ఇచ్ఛాపురం వైపు ఉన్న మన చుట్టాలకి ఆ చట్టం అందింది. మనకి 1955 దాకా పెద్దల తీర్పే దిక్కు. 1955లో చట్టం వచ్చినప్పుడు కూడా పార్లమెంటు ఆ ఆచారాన్ని కొట్టెయ్యలేదు. 29వ సెక్షన్‌లో అలాగే ఉంచింది.

మావ: ఉంచింది. ఎలా ఉంచిందో మిగతా సగం నేను చెప్తాను. ఆచారం ఉందన్నవాడే దాన్ని నిరూపించుకోవాలి. ఎప్పట్నుంచో ఉంది, మధ్యలో తెగలేదు, కులంలో అందరూ పాటిస్తున్నారు అని సాక్ష్యం తేవాలి. 2002లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. విడాకుల పత్రం రాసుకున్నంత మాత్రాన చాలదు, ఆ కులంలో ఆ ఆచారం ఉన్నట్టు కోర్టులో చెప్పుకుని రుజువు చెయ్యాలి. స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర చూసి విడాకులు అయిపోయాయనుకునేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. అతను రెండో పెళ్ళి చేసుకుంటాడు. ఎప్పుడో మొదటామె తరఫువాళ్ళకి కోపమొచ్చి కేసు పెడతారు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. అప్పుడు తెలుస్తుంది ఆ కాగితం ఖరీదు.

మేనకోడలు: అందుకే దాన్ని విడాకులనుకోవద్దంటాను. పారెయ్యొద్దని కూడా అంటాను. పెద్దల ముందు రాసుకున్న కాగితంలో ఏటుంటుంది? ఏ రోజు నుంచి విడిగా ఉన్నారు, బంగారం ఎవరికి, బిడ్డ ఎవరి దగ్గర, సాక్షులెవరు. 13-బి అర్జీకి సగం సరుకు అదే. షరతులు పెద్దల దగ్గర మాట్లాడుకోవచ్చు. బంధం తెంచేది మాత్రం కోర్టే.

మావ: బాగానే ఉంది. కాని పెద్దల దగ్గర ఆడపిల్ల తరఫున మాట్లాడేదెవరు? అక్కడ ‘సరే’ అన్నది ఆమేనా, ఆమె నాన్నా?

మేనకోడలు: ఆ సందేహం నాకూ ఉంది. చట్టానికీ ఉంది కాబట్టే జడ్జి ముందు ఇద్దరూ నోరు విప్పి చెప్పాలంది. ఫ్యామిలీ కోర్టు మొదట కలపడానికే చూడాలి. 9వ సెక్షన్ ప్రకారం అది కోర్టు విధి. కౌన్సెలింగ్‌కి పంపుతారు, ఎందుకు విడిపోతున్నారని అడుగుతారు. పదిమందిలో చెప్పుకోలేమంటే తలుపులు మూసి వినమని కోరొచ్చు, దానికి 11వ సెక్షన్ ఉంది. ఆ గదిలో ఆమె బదులు వకీలు మాట్లాడితే, ఆమె మనసులో ఏటుందో జడ్జికెలా తెలుస్తుంది?

మావ: ఒకసారి మాట్లాడితే అయిపోదు గదా. మొదటి అర్జీ వేశాక ఆర్నెల్లు ఆగాలి. అర్జీ వేసిన నాటి నుంచి పద్దెనిమిది నెలలు దాటకుండా ఇద్దరూ మళ్ళీ వచ్చి ‘మా మాట అదే’ అనాలి. గోవా నుంచి రెండుసార్లు రావాలంటే రైలు ఖర్చు సంగతి అటుంచు, వేటలో వాటా పోతుంది. వకీలు ఫీజు మిగిల్చానని నువ్వు సంబరపడేలోపు ఆ డబ్బు అటు పోతుంది.

మేనకోడలు: ఆ ఆర్నెల్లు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరు 12న చెప్పింది. జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయెల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ ఇచ్చిన తీర్పు. దానికి షరతులున్నాయి. అప్పటికే ఏడాదిన్నరగా విడిగా ఉండాలి. కలిపే ప్రయత్నాలన్నీ అయిపోయి ఉండాలి. మనోవర్తి, బిడ్డ సంగతి నిజంగా తేలి ఉండాలి. ఇంకా ఆగితే బాధ పెరగడం తప్ప ఒరిగేదేం లేదని జడ్జికి అనిపించాలి. మొదటి అర్జీ వేసిన వారానికి మాఫీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన జంట విడిగా ఉండి రెండేళ్ళయింది. రాలేకపోవడానికి తగిన కారణం ఉంటే వీడియోలో హాజరవడానికీ, అమ్మానాన్నలో తోబుట్టువులో తరఫున నిలబడడానికీ కోర్టు ఒప్పుకోవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది.

మావ: ‘ఒప్పుకోవచ్చు’ అంది, ‘ఒప్పుకోవాలి’ అనలేదు. కారణాలు సరిగ్గా రాయకపోతే ఆర్నెల్లకే వాయిదా పడుతుంది.

మేనకోడలు: పడనీ. పడమటి తీరంలో జూన్, జూలై రెండు నెలలూ వేట నిషేధం. గోవా కలాసీలు ఇంటికొచ్చేది అప్పుడే. కోర్టు సెలవులు చూసుకుని ఈ ఏడు నిషేధంలో మొదటి అర్జీ, వచ్చే ఏడు నిషేధంలో రెండో హాజరు. మధ్యలో పన్నెండు నెలలు. ఆరు దాటింది, పద్దెనిమిది కాలేదు. రెండుసార్లూ తన కాళ్ళ మీద తను వస్తాడు, ఒక్క వాటా కూడా పోదు. ఈ లెక్క మీ సారు చెప్తారా?

మావ: చెప్పరు. ఆయనకి వేట సంగతి తెలీదు. సరే, కాగితాల దగ్గరా తేదీల దగ్గరా నీ మాటే నెగ్గిందనుకో. ఇప్పుడు నా అసలు మాట విను. అర్జీ రాయడం వకీలు పనిలో చిన్న ముక్క. అర్జీలో ఏది రాయలేదో పట్టుకోవడమే పెద్ద పని. మన జంటనే తీసుకో. ఆమె పేరు మీద మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపులో లోను ఉందనుకో. ఆ డబ్బు అతని వలకి పోయింది. విడిపోయాక వాయిదాలు ఎవరు కట్టాలి? గ్రూపు ఆమెనే పట్టుకుంటుంది. ఆమె పుస్తెలతాడు తాకట్టులో ఉంది. విడిపించేదెవరు? ‘మా మధ్య ఇచ్చిపుచ్చుకోవలసినవి ఏమీ లేవు’ అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెడితే రెండూ ఆమె నెత్తినే పడతాయి. దాని కిందే ‘బిడ్డకి కూడా ఏమీ అడగను’ అని రాయిస్తారు.

మేనకోడలు: అది చెల్లదు. బిడ్డ మనోవర్తి బిడ్డ హక్కు. తల్లి సంతకంతో పోయేది కాదు.

మావ: చెల్లదని నీకు తెలుసు. ఆమెకి తెలుసా? చెల్లని వాక్యం చూసి కూడా పదేళ్ళు నోరు మూసుకుని బతికేవాళ్ళుంటారు. ఇంకోటి, డబ్బు ఎప్పుడివ్వాలి? ఇద్దరి అంగీకారం డిక్రీ వచ్చేదాకా నిలవాలి. ఈలోపు ఎవరి మనసు మారినా వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మొదటి రోజే మొత్తం ఇచ్చేస్తే అతను మునుగుతాడు. అంతా అయ్యాక ఇస్తానంటే ఆమె మునుగుతుంది. అందుకని మొదటి అర్జీ రోజు కొంత, రెండో హాజరు రోజు జడ్జి ముందే మిగతాది ఇవ్వాలి. డ్రాఫ్టు నంబరు ఆర్డరులో ఎక్కాలి. ఇవి పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు, దెబ్బతిన్నవాళ్ళని చూసి నేర్చుకున్నవి.

మేనకోడలు: ఇప్పుడు చెప్పిన ఈ నాలుగు ముక్కలకి ఎంత తీసుకుంటావు మావా?

మావ: నీ దగ్గర ఏటి తీసుకుంటాను?

మేనకోడలు: అదే నేనంటున్నది. గ్రూపు లోను, తాకట్టు, బిడ్డ బడి ఖర్చు, బిడ్డను చూసే రోజులు, డబ్బిచ్చే తేదీలు. వీటిని ఒక కాగితం మీద ప్రశ్నలుగా రాసి జంటకిస్తే ఇంటి దగ్గరే కూర్చుని జవాబులు తేల్చుకుంటారు. అప్పటికీ సందేహముంటే ఉచిత వకీలున్నారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకీ అంతే. మిగతా మగవాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. బరంపురంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళొచ్చు, వెళ్ళలేనివాళ్ళు 15100కి ఫోన్ చెయ్యొచ్చు.

మావ: ఊరికే వచ్చిన వకీలు వాయిదాకి వస్తాడని నమ్మకమేటి?

మేనకోడలు: ఫీజు పుచ్చుకున్నవాళ్ళు అన్ని వాయిదాలకీ వస్తున్నారా? ఊరికే అన్నది మనకే. ఆయనకి ప్రభుత్వం ఇస్తుంది. సరిగ్గా చూడకపోతే మార్చమని అడగొచ్చు. డబ్బిచ్చి పెట్టుకున్నవారిని మార్చాలంటే ఇచ్చిన డబ్బు వదులుకోవాలి. అసలు మనకెందుకింత బరువు? ఇంగ్లండులో 2022 ఏప్రిల్ 6 నుంచి ఎవరి తప్పూ చూపక్కర్లేకుండా భార్యాభర్తలు కలిసి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటున్నారు. జపానులో ఇద్దరూ ఒప్పుకుంటే ఊరి ఆఫీసులో ఒక ఫారం, దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు. కోర్టు గడప తొక్కక్కర్లేదు.

మావ: ఇంగ్లండు సంగతి మా సారు దగ్గర నేనూ విన్నానులే. తొలి ఉత్తర్వు అడగడానికి ఇరవై వారాలు, ఆపైన ఇంకో ఆరు వారాలు అక్కడా ఆగాల్సిందే. విడాకులొచ్చినంత మాత్రాన డబ్బు లెక్క తేలిపోదు, దానికి విడిగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. నీ జపాను ఫారం మీద బిడ్డ ఖర్చు ఎవరు పెడతారని నిలదీసి అడిగేదెవరు? పోనీ, నా దారిలో కొంచెం, నీ దారిలో కొంచెం వెళ్దాం. ఇద్దరికీ కలిపి ఒక్క వకీలును పెట్టుకోమను. ఖర్చు సగమవుతుంది.

మేనకోడలు: దానికి మాత్రం ఒప్పుకోను. ఫీజు ఇచ్చేది అతనే అవుతాడు. ఆ వకీలు ఆమెను పక్కకి పిలిచి ‘గ్రూపు లోను సంగతి తేల్చుకున్నావా’ అని అడుగుతారా? వకీలు లేకపోతే తనకెవరూ లేరని ఆమెకి తెలుసు. పదిమందిని అడుగుతుంది, కాగితం రెండుసార్లు చదివించుకుంటుంది. ఉమ్మడి వకీలుంటే తన తరఫున ఒకరున్నారనుకుని అడగడం మానేస్తుంది.

మావ: అలాంటివి చూశానమ్మీ. కాదనను. మరి నువ్వు కూడా ఒకటి ఒప్పుకో. కొన్ని జంటల జోలికి నువ్వు పోకూడదు. భార్యని వేధించారన్న 498-ఎ కేసు ఉన్నవాళ్ళు ఒకరు. ఇప్పుడది న్యాయ సంహితలో 85వ సెక్షన్. ఇద్దరూ రాజీపడినంత మాత్రాన ఆ కేసు పోదు, కొట్టివేయించుకోవాలంటే కటక్ హైకోర్టుకి వెళ్ళాలి. ఇల్లో స్థలమో ఇద్దరి పేరున ఉన్నవాళ్ళు ఇంకొకరు. చర్చిలో పెళ్ళయినవాళ్ళు మరొకరు. వాళ్ళకి వర్తించేది 1869 విడాకుల చట్టం, అందులో 10-ఎ సెక్షన్ వేరు. ఇక అన్నిటికన్నా ముందు, దెబ్బలకి భయపడి ‘సరే’ అంటున్న ఆడవాళ్ళు.

మేనకోడలు: ఒప్పుకున్నాను. చివరివాళ్ళని వకీలు దగ్గరికి కూడా తర్వాతే పంపుతాను. ముందు ఆ ఇంట్లోంచి బయటికి తేవాలి. మిగిలినవాళ్ళ సంగతి వేరు. డిక్రీ అయ్యాక కూడా వాళ్ళు ఎవరి చెయ్యీ తడపక్కర్లేదు. విడాకుల డిక్రీ నకలు ఇద్దరికీ చెరొకటి ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఇద్దరి సమ్మతితో వచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదని ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్. ఆపైన రేషన్ కార్డులో పేర్లు, బ్యాంకులో, బీమాలో నామినీలు మార్చుకుంటే పని పూర్తి.

మావ: ఆ నకలు ఉచితమని చాలామందికి తెలీదు.

మేనకోడలు: తెలియనిచ్చిందెవరు మావా?

మావ: సరే సరే. మొత్తం మీద, నిజంగా మాట కుదిరినవాళ్ళకి నీ దారి సరిపోతుంది. నా భయం మాట కుదిరిందనుకుంటున్నవాళ్ళ గురించి. పైకి చూస్తే రెండు జంటలూ ఒకేలా ఉంటాయి.

మేనకోడలు: అందుకే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగను. ఆమెని ఒక రోజు, అతన్ని ఇంకో రోజు అడుగుతాను. ప్రశ్నలు మాత్రం అవే. ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు, బిడ్డ ఎవరి దగ్గర, లోను ఎవరు కడతారు, అవతలివాళ్ళు రేపు కాదంటే ఏటి చేస్తావు? జవాబులు కలిస్తే అర్జీ రాయించి, తెలుగులో చదివి చెప్పి, బరంపురం బస్సెక్కిస్తాను. కలవకపోతే ఇంకా మాట కుదరలేదన్నమాటే. అప్పుడు మీ సారు దగ్గరికే పంపుతాను.

మావ: పంపు. ఇద్దర్నీ మాత్రం పంపకు. ఒకరిని మా సారు దగ్గరికి పంపు, రెండోవాళ్ళని ఇంకో వకీలు దగ్గరికి పంపు.